మడతల పిన్ని సొంత వాక్యాలు

నా డిక్షనరీలో ఏ, బీ అక్షరాలు లేవు. వాటిని ఒక మేక తినేసింది.

నేను చదువుకున్న పల్లెటూరి బడికి గోడలు మూడే ఉండేవి. నాలుగో వైపు నుంచి గాలి, వాన, మేకలు, అప్పుడప్పుడూ పంతులుగారు లోపలికి వస్తూండేవారు. ఆ మేక రెండు అక్షరాల ఇంగ్లీషునంతా ఒక్క మధ్యాహ్నంలో నమిలి మింగేసింది. ఆ తర్వాత దానికి ఎంత మర్యాద అబ్బిందంటే, పంతులుగారు పేరు పెట్టి పిలిస్తే తప్ప బళ్లోకి అడుగు పెట్టేది కాదు. నమ్మకపోతే మీ ఇష్టం. నమ్మగలిగితే మాత్రం ఆ నమ్మకాన్ని కాస్త దాచుకోండి. ముందు ముందు ఇంకోచోట కావాలి.

మిగిలిన సీ నుంచి జెడ్ దాకా అట్టలేని ఆ పుస్తకమే నా వెంట లాండ్రీకి వచ్చింది. హోటళ్ల దుప్పట్లూ తువ్వాళ్లూ ఉతికే పెద్ద లాండ్రీ అది. ఏ హోటల్ దుప్పటి ఆ హోటల్‌కి తిరిగి వెళ్లాలంటే మూలన ఒక గుర్తు ఉండాలి. ఉతికినా పోని నల్ల సిరాతో, సన్నని పుల్లతో ఆ గుర్తులు పెట్టడమే ముప్పయ్యేళ్లుగా నా పని. అందుకే నన్ను గుర్తుల తాత అనేవారు. దుప్పటి ఇస్త్రీ రోలరు దాటి వేడివేడిగా నా బల్ల మీదికి వచ్చేది. గుర్తు మాసిపోయి ఉంటే మళ్లీ పెట్టేవాణ్ణి. నా బల్ల దాటితే మడతల పిన్ని బల్ల.

పిన్ని నాకంటే పదేళ్లు చిన్నది. అయినా లాండ్రీ అంతా పిన్ని అంటుంటే నేనొక్కణ్ణీ వేరే ఎందుకని నేనూ పిన్నీ అనేవాణ్ణి. ఆవిడ నన్ను అన్నయ్యా అనేది. ఈ లెక్కన నేను మా పిన్నికి అన్నయ్యని. మా వంశవృక్షం గీయడానికి కూర్చున్నవాడికి పిచ్చెక్కాలి.

ఇరవై రెండేళ్లుగా ఆవిడ ఆ బల్ల దగ్గర నిలబడే ఉంది. దుప్పటి అంచులు పట్టుకుని విదిలించడం, మరక ఉందేమో చూడడం, ఉంటే పక్కన పడేయడం, లేకపోతే మూడు మడతలు వేసి దొంతిలో పెట్టడం. రోజుకు ఆరువందల దుప్పట్లు. కూర్చుని చేసే పని కాదది. అంత పొడుగు గుడ్డని కూర్చుని విదిలించలేరు. సాయంత్రానికి ఆవిడ మోకాళ్లు కొబ్బరిబోండాల్లా వాచిపోయేవి. బస్సు మెట్టు ఎక్కాలంటే ముందు చేత్తో కుడికాలు ఎత్తి పైన పెట్టి, తర్వాత తను వెళ్లి ఆ కాలిని కలుసుకునేది.

అలాంటి మనిషికి, లాండ్రీ ముందుగదిలోని కౌంటరు కుర్చీ ఖాళీ అయిందని తెలిసింది.

అది మామూలు కుర్చీ కాదు. చక్రాలున్న కుర్చీ, మెత్తని దిండు, వీపుకి ఆనిక. అందులో కూర్చుని హోటళ్ల వాళ్లతో ఫోన్లో మాట్లాడాలి, వాళ్లు పంపే లిస్టులు చదవాలి, రసీదులు రాయాలి. అన్నీ ఇంగ్లీషులోనే. యజమాని కోడలు, మేమంతా చిన్న మేడమ్ అనే ఆవిడ, అప్పుడే పగ్గాలు చేతికి తీసుకుంది. రాగానే రెండు మాటలు చెప్పింది. ఒకటి, నిలబడి చేసే పనుల్లో అరవై దాటినవాళ్లు ఉండకూడదు. రెండు, కౌంటరు పనికి బయటివాళ్లని తేను, రెండు నెలల్లో ఇంగ్లీషు నేర్చుకుని పరీక్షలో నెగ్గినవాళ్లకే కుర్చీ.

ఆ రోజు పిన్ని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యా, నీ మేక మిగిల్చిన ఇంగ్లీషు రెణ్నెల్లకి సరిపోతుందా?"

"కుర్చీ కోసమా?"

"కుర్చీ కోసమే. చదువు కోసం అని అబద్ధం చెప్పను. కూర్చోవాలి అన్నయ్యా. చచ్చేలోపు జీతం ఇచ్చే చోట ఒక్కసారి కూర్చోవాలి."

పక్కన ఆవిరి ప్రెస్సు దగ్గర పనిచేసే ఆవిరమ్మ ఈ మాట విని ఊరుకుంటుందా! దాని నోటికీ దాని ప్రెస్సుకీ ఒకటే వేడి. "పిన్నీ, కుర్చీకి చక్రాలుంటాయి జాగ్రత్త. నువ్వు కూర్చునేలోపే అది పరిగెత్తుద్ది. పట్టుకునే మోకాళ్లు నీకెక్కడివి?"

"నువ్వు తోస్తావుగా నా తల్లీ, ఆ మాత్రం కండ ఉందిగా నీకు," అంది పిన్ని.

చదువు మొదలెట్టాం. నాది ఒకటే పద్ధతి. రోజుకు పది మాటలు. ప్రతి మాటకీ అర్థం, అర్థానికో ఉదాహరణ వాక్యం. ఆ వాక్యం గైడు పుస్తకంలోంచి రాకూడదు. రాజు ధైర్యవంతుడు, సింహం అడవిలో ఉండును, ఇలాంటివి రాస్తే నేను ఒప్పుకోను. నువ్వెప్పుడు చూశావు సింహాన్ని? నీ గురించి రాయి. నిజం రాయి. అబద్ధంలో పెట్టిన మాట ఒంటికి అంటదు, ఒక్క ఉతుక్కే పోతుంది. కష్టమైన మాటైతే ఒకటి కాదు, రెండు వాక్యాలు. ఇదీ నా చట్టం.

పిన్ని ఆ చట్టానికి తన పని కలిపింది. దుప్పటికి మూడు మడతలు కదా. మొదటి మడతకి మాట, రెండో మడతకి అర్థం, మూడో మడతకి వాక్యం. రోజుకి ఆరువందల దుప్పట్లంటే ఒక్కో మాట అరవైసార్లు. అంతగా రుద్దితే బండరాయికైనా ఇంగ్లీషు వస్తుంది. నేను పల్లెలో ఉండగా ఒక ఎద్దుకి ఇరవై మాటలు నేర్పాను. అది అరక దున్నుతూ సాలు చివర "టర్న్" అంటే తప్ప తిరిగేది కాదు, ఊళ్లో ఎవరికీ ఇంగ్లీషు రాక పాపం సాయంత్రం దాకా తిన్నగా నడిచి పక్క ఊరు వెళ్లిపోయేది. అయినా పిన్నితో పోలిస్తే ఆ ఎద్దు మొద్దు.

ఏ తోనో బీ తోనో మొదలయ్యే మాట ఎదురైతే అర్థం అడిగేది. నాకు తెలియదు. "అది మేక తిన్న మాట పిన్నీ," అనేవాణ్ణి. నవ్వి వదిలేసేది. తెలిసినా చెప్పడానికి బద్ధకమేసిన మాటల్ని కూడా నేను మేక ఖాతాలోనే వేసేవాణ్ణి. అది వేరే సంగతి.

ఇంటి దగ్గర తమ్ముడూ మరదలూ పడుకునే గది బయట, మెట్ల లైటు కింద వంగి కూర్చుని నోట్‌బుక్కు రాసేదట. తెల్లారి నాకు దిద్దడానికి ఇచ్చేది. అక్షరాలు పెద్దపెద్దవి, ఒక్కో పేజీకి నాలుగే వాక్యాలు. ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరగా పెట్టుకుని రాసేది. అలా ఎందుకు రాస్తుందో నోట్‌బుక్కే చెప్పింది. ఇంగ్లీషులో రాసినవాటిని తెలుగులో చెబుతాను.

లీన్, ఆనుకొను: మధ్యాహ్నం దాటితే నేను బల్లకి ఆనుకుని నిలబడతాను.

స్వెల్, వాచు: నా మోకాళ్లు రోజూ వాస్తాయి, ఆదివారం కూడా వాస్తాయి.

డిమ్, మసక: నా కళ్లు మసక. మరక ఉందో లేదో వేళ్లతో తడిమి చూస్తాను.

ప్రిటెండ్, నటించు: మేడమ్ వచ్చినప్పుడు నేను లైటు కింద మరకలు వెతుకుతున్నట్టు నటిస్తాను.

కన్సీల్, దాచు: నేను ఏడేళ్ల వయసు దాచాను.

రిజిస్టరులో ఆవిడకి యాభై నాలుగు. ఆ వాక్యం కింద ఖాళీ వదిలేసింది. స్కేలుతో ఆ ఖాళీ మీద కొట్టాను.

"కన్సీల్ కష్టమైన మాట. రెండు వాక్యాలు రాయాలి. రెండోది ఏదీ?"

"తట్టలేదు అన్నయ్యా."

"దాచిన సంగతి ఇంకోటి లేదా నీ దగ్గర? ఇరవై రెండేళ్లలో?"

ఆవిడ నా బల్ల వంక చూసింది. నా సిరా సీసా వంక, నా చేతి వంక చూసింది. డెబ్బై దాటిన చెయ్యి కదా, పుల్ల పట్టుకుంటే కాస్త తాళం వేస్తుంది. "లేదులే. ఒక్క మార్కు తగ్గించుకో," అని దుప్పటి అందుకుంది.

ఆ రోజుల్లోనే హోటళ్ల నుంచి ఫిర్యాదులు వచ్చేవి. తెల్ల దుప్పట్ల మీద చిన్న చిన్న నల్ల చుక్కలట. ఎక్కడ పడుతున్నాయో ఎవరికీ తేలలేదు. రోలరులోంచి నూనె అని ఒకరు, బాయిలరు మసి అని ఒకరు. చిన్న మేడమ్ కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తోంది. ఎక్కడ పడ్డా మడతల బల్ల దగ్గర దొరకాలి కదా అని రెండుసార్లు పైకే అంది. నేను నా గుర్తులు నేను పెట్టుకుంటూ కూర్చున్నాను.

పరీక్షకి ముందు రోజు పిన్ని నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"అన్నయ్యా, దిద్దడానికిచ్చిన నోట్‌బుక్కు నీ దగ్గరే ఉంచు. ఆఫీసులో ఎవరికీ చూపించకు."

"ఛ! నాకా మాత్రం తెలియదా?"

పరీక్ష ఆఫీసు గదిలో జరిగింది. పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి నన్ను గుమ్మం దగ్గర నిలబడనిచ్చారు. ముందు ఆవిరమ్మ వెళ్లింది. రాజు ధైర్యవంతుడు, సింహం అడవిలో ఉండును అని గడగడా అప్పజెప్పి, నడుమ సింహాన్ని రాజుతో కలిపేసి బయటికి వచ్చింది. తర్వాత పిన్ని. చిన్న మేడమ్ మొదటి మాట అడగ్గానే నోరు పెగల్లేదు. చేతులు గాలిలో వెతుక్కుంటున్నాయి. నాకు అర్థమైంది. టీ ట్రే మీది రుమాలు తీసి అందించాను. దాన్ని చేతిలోకి తీసుకున్నాక చూడాలి! ఒక మడత, మాట. రెండో మడత, అర్థం. మూడో మడత, వాక్యం. విప్పి మళ్లీ. పది మాటల్లో తొమ్మిది చెప్పింది. వాక్యాలు మాత్రం దుప్పట్ల గురించీ బస్సు గురించీ ఎంచి ఎంచి చెప్పింది. చిన్న మేడమ్ పెన్ను కింద పెట్టి నవ్వింది.

"భలే చెప్పావే! ఇంకెవరూ ఇలా చెప్పలేదు. సోమవారం నుంచి..."

అప్పుడు నా నోరు ఊరుకోలేదు.

ముప్పయ్యేళ్లలో ఆ గదిలో ఒక్కరూ నన్ను చూసి భలే అనలేదు. ఆ భలే నాది. నేర్పింది నేను. "ఇదేం చూశారు మేడమ్," అన్నాను. "అసలు సంగతి నోట్‌బుక్కులో ఉంది. గైడు వాక్యం ఒక్కటి లేదు. అన్నీ సొంతవి, అన్నీ నిజాలు. మా పద్ధతి అది." అంటూ చంకలోంచి తీసి బల్ల మీద పెట్టేశాను.

పిన్ని చేతిలో రుమాలు సగం మడతలో ఆగిపోయింది. "అన్నయ్యా," అంది. అంతే.

బల్ల మీద పెట్టేటప్పుడు అందులో ఏముందో నాకు గుర్తు రాలేదు. ఈ మాట మీరు నమ్మాలి. మేక సంగతి నమ్మినప్పుడు కాస్త నమ్మకం దాచుకోమన్నాను కదా. ఇప్పుడు తియ్యండి.

చిన్న మేడమ్ చదివింది. ఎర్ర పెన్ను తీసి తప్పులు దిద్దుతూ మరీ చదివింది. స్వెల్ దగ్గర "అయ్యో" అంది. డిమ్ దగ్గర పెన్ను ఆగింది. ప్రిటెండ్ దగ్గర తలెత్తి పిన్నిని చూసింది. కన్సీల్ దగ్గర రిజిస్టరు తెప్పించుకుంది.

"నల్ల చుక్కలు ఎలా దాటిపోతున్నాయో ఇప్పుడు తెలిసింది," అంది. "కళ్లు కనబడని మనిషి రేపు లిస్టులేం చదువుతుంది?"

"చదువుతానమ్మా. దగ్గరగా పెట్టుకుంటే కనబడతాయి," అంది పిన్ని.

కళ్లజోడు అనే మాట ఆ గదిలో ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. నా ముక్కు మీదే ఉంది అది. కానీ అప్పుడు నోరు తెరిస్తే చుక్కల మాట ఎక్కడికి దారి తీస్తుందోనని ఊరుకున్నాను. ఊరుకోవడం చేతకాని నోరు అప్పుడు భేషుగ్గా ఊరుకుంది.

మర్నాడు పదకొండు గంటలకి పిన్ని బల్ల మీదికి ఒక కవరు వచ్చింది. ఆవిడ పుట్టాక ఆవిడ పేరు మీద వచ్చిన మొదటి ఇంగ్లీషు ఉత్తరం. ఆవిరమ్మ ప్రెస్సు ఆపి దగ్గరికొచ్చింది.

"ఏం రాశారు పిన్నీ? కుర్చీ ఇచ్చారా?"

పిన్ని కాగితాన్ని ముక్కుకి ఆనించి ఒక్కో మాటా చదివింది. సర్వీస్, తెలుసు. సిన్సియర్, తెలుసు; నిజాయితీ గల. సూటబుల్, తగిన, ముందు "నాట్" ఉంది, అదీ తెలుసు. చదువుతుంటే ఆవిడ మొహంలో ఒక రకం వెలుగు. ఉత్తరంలో ఏముందన్నది తర్వాత, ఉత్తరం చదవడం వచ్చిందన్నది ముందు. ఒక్క మాట దగ్గర ఆగింది.

"అన్నయ్యా. టర్మినేట్ అంటే?"

నేను సిరా సీసా మూత తిప్పుతూ అన్నాను, "అది మేక తిన్న మాట పిన్నీ."

"టీ తో మొదలైంది అన్నయ్యా. నీ మేక తిన్నవి ఏ, బీ లే."

ఆవిరమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ముగించు," అన్నాను.

పిన్ని కాగితాన్ని ఒక మడత వేసింది. "టర్మినేట్." రెండో మడత. "ముగించు." మూడో మడత వేయకుండా నా వైపు చూసింది. "వాక్యం?"

"పిన్నీ..."

"వాక్యం చెప్పు. పద్ధతి పద్ధతే."

"రాజు యుద్ధాన్ని ముగించెను," అన్నాను.

"అబద్ధం వాక్యం అంటదు అన్నయ్యా. నువ్వే చెప్పావు," అని మూడో మడత వేసి జాకెట్లో దోపుకుంది. ఆ రోజు మిగిలిన దుప్పట్లు పూర్తి చేసే వెళ్లింది. నూట ఎనభై.

సోమవారం చిన్న మేడమ్ నన్ను పిలిచింది. గుర్తులు పెట్టే పని ఎత్తేస్తున్నారట. అంచుకి కుట్టే అచ్చు చీటీల మిషను వచ్చింది. నా పనీ పోయిందనుకున్నాను. అంతలో ఆవిడే అంది, "రెండు నెలల్లో ఆవిడకే అంత ఇంగ్లీషు నేర్పారంటే మీకెంత వచ్చో! కౌంటరులో మీరే కూర్చోండి తాతా." వద్దు అనే మాట నాకు రెండు భాషల్లోనూ వచ్చు. ఏ భాషలోనూ అనలేదు.

పిన్ని నోట్‌బుక్కు నకళ్లు తీయించి, ఎర్ర దిద్దుబాట్లతో సహా, కొత్తగా చేరేవాళ్లకి పాఠంగా పంచమంది చిన్న మేడమ్. ఇంత బాగా కుదిరిన ఉదాహరణలు ఏ పుస్తకంలో దొరుకుతాయి అంది. పంచాను.

నెల తిరిగేసరికి నల్ల చుక్కల ఫిర్యాదులు ఆగిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి రాలేదు. సిరా సీసా లేని చోట సిరా చుక్క ఎలా పడుతుంది? చిన్న మేడమ్ మాత్రం కాగితాలు నా ముందు పెట్టి, "చూశారా తాతా? ఆవిడ వెళ్లగానే మరకలు పోయాయి," అంది.

"యెస్ మేడమ్," అన్నాను. ఈ రెండు మాటలూ బాగా వచ్చు నాకు.

కుర్చీ చాలా బాగుంది. తిరుగుతుంది. కాలితో కొంచెం తోస్తే గోడ దాకా వెళ్లి వస్తుంది.

మొన్న పొద్దున నేనలా గోడ దాకా వెళ్లి వచ్చేసరికి కౌంటరుకి అవతల పిన్ని నిలబడి ఉంది. చేతిలో దుప్పట్ల మూట. తమ్ముడు ఎవరినో పట్టుకుని ఒక లాడ్జిలో గదులు ఊడ్చే పనిలో పెట్టాడట. మూడంతస్తులట, లిఫ్టు లేదట.

"గుడ్ మార్నింగ్," అంది ఇంగ్లీషులో. "థర్టీ షీట్స్. ట్వెల్వ్ టవల్స్. నో స్టెయిన్స్ ప్లీజ్."

ఒక్క తప్పు లేదు. రసీదు పుస్తకం తీశాను. ఏదో ఒకటి అనాలి కదా అని, "ఇప్పుడు నల్ల చుక్కలు రావడం లేదు పిన్నీ," అన్నాను.

"ఎందుకొస్తాయి? నీ సీసా తీసేశారుగా."

నా పెన్ను ఆగింది.

"నీ సిరా పచ్చిగా ఉన్నప్పుడే వచ్చేది దుప్పటి నా బల్ల మీదికి. కళ్లకి కనబడకపోతే ఏం, వేళ్లకి అంటేది. ఇంటికెళ్లి రాయితో రుద్దుకునేదాన్ని." ఆవిడ గొంతులో కోపం లేదు. పాఠం అప్పజెప్పినట్టే చెప్పింది. "కన్సీల్‌కి రెండు వాక్యాలు రాయమన్నావు. ఒక్కటే రాశానని స్కేలుతో కొట్టావు, గుర్తుందా? రెండోది తట్టక కాదు అన్నయ్యా. అది నీ గురించి."

నేను రసీదులో ముప్పై అని రాసి, కొట్టేసి, మళ్లీ ముప్పై అనే రాశాను. ఆవిడ మూట కింద పెట్టి, రెండు మోచేతులూ కౌంటరు మీద మోపి, ఒంటి బరువంతా దాని మీద వేసింది. మధ్యాహ్నం కూడా కాలేదు.

కూర్చో పిన్నీ అందామంటే, ఆ గదిలో ఉన్న కుర్చీ ఒకటే.